తొలకరి వాసన చేప ముక్కలోకి ఎలా వచ్చింది?

ఈసారి సంచిలో వచ్చిన ఉత్తరాలన్నీ వంటింటి చుట్టూ, వసారా చుట్టూ తిరిగాయి. నాకు చాలా సంతోషం కలిగింది. ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పాను. నేను పనిచేసిన బడుల్లో ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. అందుకని గ్లాసులు, గరిటెలు, చింతపండు, నిమ్మకాయ ఇంటి నుంచే పట్టుకెళ్ళేదాన్ని. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. ఇక్కడ రాసే జవాబుల్లో ఇంట్లో చేసి చూడగలిగినవన్నీ చేసి చూశాకే రాస్తున్నాను. మీరూ చేయండి. నేను చెప్పినట్టు రాకపోతే తప్పకుండా రాయండి.

ప్రశ్న: టీచరుగారూ, చెరువు చేప వండిన రోజల్లా మా ఇంట్లో తగువే. ముక్క మట్టి వాసన వేస్తోందని, నాకు చేప కడగడం రాదని మావారు అంటారు. ఉప్పు వేసి రుద్ది నాలుగుసార్లు కడిగినా ఆ వాసన పోవడం లేదు. నిజంగా మట్టి ఉంటుందా? (ఒక గృహిణి, ఆకివీడు)

జవాబు: ఈ జవాబు మీవారికి చదివి వినిపించండమ్మా. లోపం మీ చేతిలో లేదు. ఆ ముక్కలో మట్టి రేణువు ఒక్కటి కూడా లేదు. అసలు మనం మట్టి వాసన అనుకునేది మట్టిది కాదు.

రోహిణి కార్తె ఎండలకు నెర్రెలిచ్చిన నేల మీద తొలకరి జల్లు పడగానే గుప్పున వచ్చే వాసన ఉంది కదా, మీ చేప ముక్కలో ఉన్నదీ అదే. దాని పేరు జియోస్మిన్. గ్రీకు భాషలో నేల వాసన అని అర్థం. నేలలో స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. శుభ్రమైన ఇసుకనో మెత్తగా నూరిన రాతి పొడినో తడిపి చూడండి, ఆ పరిమళం రాదు. ప్రాణమున్న నేలకే ఆ వాసన. వాన చినుకు పొడి నేల మీద పడ్డప్పుడు మట్టి రంధ్రాల్లోని గాలి చినుకు కింద చిక్కుకుని, బుడగలుగా పైకి లేచి పగులుతుంది. ఆ పగిలినప్పుడు సన్నని తుంపరలు గాలిలోకి ఎగిరి వాసనను మోసుకొస్తాయి. 2015లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు వేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో దీన్ని పట్టుకున్నారు. జడివాన కన్నా చిన్న జల్లుకే ఈ తుంపరలు ఎక్కువగా లేస్తాయని కూడా చూపించారు. తొలకరి వాసన జడివానలో అంతగా రాదని మన పెద్దవాళ్ళకు ముందే తెలుసు. ఎందుకు రాదో ఇప్పుడు తెలిసింది.

ఇక చెరువు సంగతి. చెరువులో నీలి ఆకుపచ్చ నాచు పేరుకుంటే అందులోని కొన్ని రకాలు ఇదే జియోస్మిన్‌ను నీటిలోకి వదులుతాయి. చేప మొప్పల గుండా అది లోపలికి వెళ్ళి కొవ్వులో నిలవ ఉంటుంది. అంటే వాసన ముక్క పైన అంటుకుని లేదు, ముక్క లోపల ఉంది. మీరు ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఎలా పోతుంది?

దీన్ని పట్టడంలో మనిషి ముక్కు ఎంత చురుకైనదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. నీటిలో లక్ష కోట్ల వంతుల్లో ఐదు వంతులున్నా పసిగట్టగలిగేవాళ్ళున్నారు. లెక్క వేసి చూశాను. ఎకరం విస్తీర్ణంలో మీటరు లోతు నీళ్ళున్న చెరువు తీసుకోండి. అందులో సుమారు 40 లక్షల లీటర్ల నీరుంటుంది. ఆ నీటికంతటికీ ఆ వాసన పట్టించడానికి 20 మిల్లీగ్రాములు చాలు. అది ఒక్క బియ్యపు గింజ బరువు. మీవారి ముక్కు అంత నికార్సయినది, ఆయనను కూడా తప్పుపట్టకండి.

మరి పోగొట్టడం ఎలా? మీ అత్తగారో అమ్మగారో చేప ముక్కలకు చింతపండు రసమో నిమ్మరసమో పట్టించి కాసేపు ఉంచడం చూసే ఉంటారు. పులిసిన మజ్జిగ వాడేవాళ్ళూ ఉన్నారు. జియోస్మిన్ పులుపుకు తట్టుకోలేదు. ఆమ్లం తగిలితే మారిపోయి వాసన లేని మరో పదార్థమవుతుంది. ఉప్పుతో రుద్దితే జిగురు పోతుంది, పులుపుతోనే ఈ వాసన పోతుంది. నేను శీలావతి ముక్కలు రెండు గిన్నెల్లో పెట్టి, ఒకదానికి నిమ్మరసం పట్టించి, రెండోదానికి ఉప్పు మాత్రమే వేసి, అరగంట తర్వాత విడివిడిగా ఆవిరి మీద ఉడికించాను. మసాలా ఏమీ వేయలేదు. మూత తీయగానే తేడా తెలిసిపోయింది. మన వైపు చేపను పులుసు పెట్టుకుని తినే ఆనవాయితీలో ఎంత తెలివి ఉందో ఆ రోజు నాకు అర్థమైంది. చేపల రైతులకు మరో దారి ఉంది. పట్టిన చేపను కొన్ని రోజులు మేత వేయకుండా శుభ్రమైన, పారే నీటిలో ఉంచితే వాసన తగ్గిపోతుంది.

ఇదే ఉత్తరంలో మీరు మరో మాట రాశారు, బీట్‌రూట్ కూర కూడా మీవారికి మట్టి కొడుతుందట. ఆయన అన్నది అక్షరాలా నిజం. బీట్‌రూట్‌లోనూ జియోస్మిన్ ఉంది. తరిగి నిమ్మకాయ పిండండి.

ఈ వాసన ఇష్టపడి సీసాల్లో పట్టి దాచుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి డేగిసాల్లో నీళ్ళతో మరిగించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి పట్టి మట్టి అత్తరు చేస్తారు. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎండిన నేల మీద వాన వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టినప్పుడు, భారతదేశంలోని ఈ అత్తరు గురించి కూడా తమ వ్యాసంలో రాశారు. ఒకే వస్తువు కనౌజ్‌లో అత్తరు, ఆకివీడులో తగువు!

ప్రశ్న: మాది బదిలీల ఉద్యోగం. అనంతపురంలో ఉండగా కొన్న కుండలో నీళ్ళు గొంతు జిల్లుమనేవి. అదే కుండ విశాఖపట్నం తెచ్చుకుంటే నీళ్ళు ఒక మోస్తరుగా కూడా చల్లబడవు. ప్రయాణంలో కుండ పాడైందా? (బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: కుండ బాగానే ఉంది. మారింది గాలి.

కుండ గోడలో కంటికి కనబడని రంధ్రాల గుండా నీరు బయటికి చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆవిరవడానికి వేడి కావాలి. ఒక్క గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 580 కేలరీల వేడి తీసుకుంటుంది, అందులో ఎక్కువ భాగం కుండలోని నీటి నుంచే లాగుతుంది. 10 లీటర్ల నీటిని 10 డిగ్రీలు చల్లబరచాలంటే లక్ష కేలరీలు పోవాలి. భాగించి చూడండి. సుమారు 172 గ్రాములు, అంటే ఒక గ్లాసుకు తక్కువే. అంత కొద్ది నీరు ఆవిరైతే బిందెడు నీళ్ళు చల్లబడతాయి. చుట్టూ ఉన్న గాలి నుంచి కుండకు మళ్ళీ వేడి చేరుతూనే ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువ ఖర్చవుతుంది.

ఇదంతా గాలి ఆ ఆవిరిని పుచ్చుకుంటేనే. అనంతపురం గాలి పొడిగా ఉంటుంది, ఎంత ఇచ్చినా పుచ్చుకుంటుంది. సముద్రపు ఒడ్డు గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. దీన్ని కొలవడం చాలా తేలిక. మామూలు ఉష్ణమాపకం బుడ్డికి తడి గుడ్డ చుట్టి గాలి తగిలేచోట వేలాడదీయండి. అది చూపించే అంకె దగ్గరే కుండ ఆగిపోతుంది, అంతకన్నా చల్లబడలేదు. గాలి 40 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉంటే ఆ తడి బుడ్డి 23 దగ్గరకు దిగుతుంది. గాలి 34 డిగ్రీలే ఉన్నా తేమ 75 శాతం ఉంటే 30 దగ్గరే నిలిచిపోతుంది. మండిపోయే ఊరిలో కుండ నీళ్ళు చల్లగా, అంత మండని ఊరిలో గోరువెచ్చగా ఉండటానికి ఇదే కారణం.

మీరు చేయగలిగినవి రెండున్నాయి. కుండను వంటింటి మూలలో కాకుండా గాలి ఆడే కిటికీ దగ్గర, తడి ఇసుక మీద పెట్టండి. రెండు మూడు వేసవులు వాడిన కుండయితే నీటిలోని లవణాలు రంధ్రాల్లో పేరుకుపోతాయి. పీచుతో బయట, లోపల గట్టిగా రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టండి. సబ్బు మాత్రం వద్దు, కుండ దాన్ని పీల్చుకుంటుంది.

ప్రశ్న: బయటికి వెళ్ళేటప్పుడు ఫ్యాను ఆపవద్దని, తిరిగొచ్చేసరికి గది చల్లగా ఉంటుందని మా అబ్బాయి అంటాడు. నిజమేనా? (విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్)

జవాబు: ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను గదిని చల్లబరచదండీ, కొంచెం వేడెక్కిస్తుంది. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల కరెంటు తీసుకుంటుంది. మోటారు వేడెక్కుతుంది, గాలి కదులుతుంది, ఆ కదలిక కూడా గోడలకూ తనకూ రాసుకుని చివరికి వేడిగానే మారుతుంది. ఎనిమిది గంటలకు 0.6 యూనిట్ కరెంటంతా మీ గదిలో వేడిగా మిగిలిపోయినట్టే. ఫ్యాను కింద పొడి ఉష్ణమాపకం పెట్టి, వేసినప్పుడూ ఆపినప్పుడూ చూడండి. పాదరసం దిగదు. ఇప్పుడు పైన చెప్పినట్టు తడి గుడ్డ చుట్టి పెట్టండి, జర్రున దిగుతుంది. మన ఒళ్ళు ఆ తడి గుడ్డ లాంటిది. ఫ్యాను ఇచ్చే చల్లదనంలో ఎక్కువ భాగం చెమట ఆరడం వల్లే.

ఒక్క హెచ్చరిక, దయచేసి తేలికగా తీసుకోకండి. మీ వైపు వడగాడ్పుల రోజుల్లో గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటికి వేడిని చేరవేస్తుంది. అంత వేడిలో ఫ్యాను మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. పెద్ద వయసులో చెమట తక్కువగా పడుతుంది, దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. అలాంటి మధ్యాహ్నాల్లో తడి తువాలు భుజాన వేసుకోండి, చేతులూ మెడా తడుపుకుంటూ ఉండండి, నీళ్ళు తాగండి.

ప్రశ్న: హాస్టల్లో పచ్చిమిర్చి పచ్చడి తిన్న ప్రతిసారీ చెమటలు కారిపోతున్నాయి. నీళ్ళు తాగితే మంట ఇంకా పెరుగుతోంది. గింజలు తీసేసి చేయమంటే వంటాయన వినడం లేదు. గింజల్లోనే కారం ఉంటుంది కదా మేడం? (ఇంటర్మీడియట్ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: గింజల్లో కారం లేదు తల్లీ. వంటాయన అంత శ్రమ పడ్డా నీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఒక పచ్చిమిరపకాయను నిలువుగా చీల్చు. మధ్యలో తొడిమ నుంచి కిందికి దిగే తెల్లటి, మెత్తటి ఈనె ఒకటి కనిపిస్తుంది. గింజలన్నీ దానికే అంటుకుని ఉంటాయి. కారం తయారయ్యేది ఆ ఈనెలో. నేను బడిలో ఇలా చూపించేదాన్ని. కాయ కొస వైపు పచ్చటి తోలు చిన్న ముక్క నాలుకకు తాకించాలి, కొంచెమే చురుక్కుమంటుంది. తర్వాత ఒక గింజను తీసి బాగా కడిగి తాకించాలి, దాదాపు ఏమీ ఉండదు. ఆఖరుగా ఆ తెల్లటి ఈనెను సూది మొనంత తీసి తాకించాలి. ఆ పిల్ల మొహం చూస్తే క్లాసంతా జవాబు తెలిసిపోయేది. పెరుగు గిన్నె పక్కన పెట్టుకునే చేయించేదాన్ని. గింజలకు కారం ఉన్నట్టు అనిపించేది ఆ ఈనెకు రాసుకుని ఉండటం వల్లే.

ఇక అసలు ఆశ్చర్యం. మనం షడ్రుచుల్లో కారాన్ని కూడా లెక్కపెట్టుకుంటాం, ఉగాది పచ్చడిలో వేసుకుంటాం. కానీ నాలుక మీద ఉప్పునూ పులుపునూ పట్టే రుచి మొగ్గలకు మిరప మంటతో పనిలేదు. మిరపలోని క్యాప్సైసిన్ పట్టుకునేది వేడిని గుర్తించే నరాల తలుపును. 43 డిగ్రీల దగ్గర వేడి తగిలితే తెరుచుకోవాల్సిన తలుపు అది. క్యాప్సైసిన్ దాన్ని మామూలు వేడిలోనే తెరిచేస్తుంది. నోరు కాలిపోతోందన్న కబురు మెదడుకు వెళ్తుంది. ఒంటిని చల్లబరచడానికి మెదడు చెమట పట్టిస్తుంది. అందుకే నీకు చెమటలు. మంట అనే మాట మనవాళ్ళు ఊరికే పెట్టలేదు. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ తలుపును గుర్తించింది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

క్యాప్సైసిన్ నీటిలో కరగదు. నీళ్ళు తాగితే నోరంతా పరుచుకుంటుంది. పాలలో, పెరుగులో ఉన్న కొవ్వు, కేసీన్ అనే మాంసకృత్తు దాన్ని పట్టి నాలుక నుంచి ఊడదీస్తాయి. పచ్చడన్నంలో నెయ్యి, ఆఖరున పెరుగన్నం ఉన్న మన భోజనం వరుస నీకు సరిపోతుంది. నీళ్ళ చెంబు పక్కన పెట్టి గడ్డపెరుగు రెండు చెంచాలు నోట్లో కాసేపు ఉంచుకుని మింగు.

పక్షులకు ఆ తలుపు క్యాప్సైసిన్‌తో తెరుచుకోదు. అందుకే డాబా మీద ఆరబోసిన మిరపకాయలు చిలుక హాయిగా తినిపోతుంది, గింజల్ని అలాగే మింగే పక్షులు వాటిని ఎక్కడో వదిలిపెట్టి మొక్క మొలిపిస్తాయి. ఇంకో మాట చెబితే నమ్మవేమో. గుంటూరు మిరపకు పుట్టినిల్లు అనుకుంటాం కానీ, మిరప మన దేశపు పంటే కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, 1498లో వాస్కోడిగామా కోళికోడ్‌కు వచ్చాక పోర్చుగీసు ఓడల్లో ఇక్కడికి చేరింది. 1503లో కన్నుమూసిన అన్నమయ్య కాలంలో తెలుగు వంటింట్లో కారమంటే మిరియాలే. శ్రీనాథుడు, పోతన మిరపకాయను చూడనే లేదు.

ప్రశ్న: మా అత్తగారు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఇడ్లీ పిండి బ్రహ్మాండంగా పొంగింది. ఆవిడ రాజమహేంద్రవరం వెళ్ళిపోయిన దగ్గర్నుంచి పిండి రాయిలా ఉంటోంది. ఆవిడ చేత్తో కలిపేవారు, నేను గరిటెతో కలుపుతాను. చేతిలో ఏముంది టీచరుగారూ? (ఒక గృహిణి, న్యూజెర్సీ)

జవాబు: మీ ఉత్తరం జనవరిలోనే అందింది. చేసి చూడకుండా రాయడం ఇష్టం లేక ఆపాను. జనవరి రాత్రులు మా ఊళ్ళోనూ చల్లగానే ఉంటాయి కాబట్టి అదే వారం మొదలుపెట్టాను.

ఒకే పిండిని మూడు గాజు గ్లాసుల్లో సగానికి పోసి, పిండి మట్టం దగ్గర గ్లాసు చుట్టూ దారం కట్టాను. మొదటిది చేత్తో కలిపాను. రెండోది మరిగే నీళ్ళలో ముంచి తీసిన గరిటెతో కలిపాను. ఈ రెండింటినీ పొయ్యి పక్కన, వెచ్చగా ఉండేచోట పెట్టాను. మూడోదాన్ని చేత్తోనే కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. నాలుగో గ్లాసులో మినప్పప్పు లేకుండా బియ్యపు పిండి ఒక్కటే పోశాను. పొద్దున్నే లేచి చూస్తే మొదటిదీ రెండోదీ దారం దాటి దాదాపు గ్లాసు అంచు వరకు వచ్చాయి, రెండింటికీ వేలెడు తేడా కూడా లేదు. చేయి పడినా సరే, మూడోది దారం దగ్గరే ఉంది. నాలుగోదానిలో పైన నాలుగు బుడగలు వచ్చి పగిలిపోయాయి, పిండి లేవలేదు.

పిండిని పొంగించే జీవులు చేతి నుంచి రానక్కర్లేదు, పప్పుతోపాటే మీ ఇంటికి వస్తాయి. ఇడ్లీ పొంగడానికి రొట్టెలోలా ఈస్టు కారణమని చాలామంది అనుకుంటారు. ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడీస్ అనే బ్యాక్టీరియాదే ముఖ్యమైన పని అని 1965లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేల్చారు. అది వాయువును వదులుతుంది, పులుపునూ ఇస్తుంది. ఆ వాయువును బయటికి పోనీయకుండా పట్టి ఉంచేది మినప్పప్పు జిగురు. నా నాలుగో గ్లాసులో లేనిది అదే.

కాబట్టి మీ ఇంట్లో తగ్గింది వెచ్చదనమే. ఈ జీవులకు 30 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా ఉంటుంది. మీ అత్తగారు వేసవిలో వచ్చి చలి మొదలవగానే వెళ్ళారని మీరే రాశారు. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి, పిండి గిన్నెను రాత్రంతా అందులో ఉంచండి. పప్పు నానిన నీళ్ళు పారబోయకుండా రుబ్బేటప్పుడు వాడుకోండి. ఉప్పు ఎక్కువైతే పులవడం నెమ్మదిస్తుంది, కాబట్టి చూసి వేయండి. మిక్సీలో రుబ్బితే చల్లటి నీళ్ళు పోస్తూ ఆపి ఆపి తిప్పండి, లేకపోతే పిండి వేడెక్కిపోతుంది.

అత్తగారి గురించి కూడా ఒక మాట. పిండిని చేత్తో కలిపేవాళ్ళకు అది ఎంత చల్లగా ఉందో, ఎంత జారుగా ఉందో వేళ్ళకు తెలిసిపోతుంది. చల్లగా తగిలితే ఆవిడ గిన్నెను పొయ్యి పక్కకు జరిపి ఉంటారు. గరిటెకు ఆ సంగతి తెలియదు. ఫోన్ చేసి గిన్నె ఎక్కడ పెట్టేవారో అడగండి.

ప్రశ్న: బోరు నీళ్ళలో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా బద్దలుగానే ఉంటోంది. (ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను పట్టుకుని ఇంకా బిగిస్తాయి. మంట పెంచితే గ్యాస్ ఖర్చు తప్ప లాభం లేదు. పప్పు వరకు తాగే నీళ్ళు వాడండి. పాత పప్పయినా ఇదే ఇబ్బంది. చింతపండు, టమాటా ముందే వేయకండి, పులుపులో కూడా పెక్టిన్ కరగదు. పప్పు మెత్తబడ్డాకే పులుపు వేయాలి.

ప్రశ్న: టీచర్, నేను ఏడో తరగతి. కాలువలో ఈత కొడితే నా వేళ్ళు ముడతలు పడతాయి. నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయని మా అన్నయ్య చెప్పాడు. మరి మా తాతయ్యకు స్నానం చేయించేటప్పుడు చూస్తే ఆయన ఎడమ చేతి చిటికెన వేలు ఒక్కటీ నున్నగానే ఉంటుంది. మిగతావి ముడతలు పడతాయి. చిన్నప్పుడు కోతల్లో కొడవలి తెగి మణికట్టు దగ్గర కుట్లు పడ్డాయట. ఆ వేలు నీళ్ళు ఎందుకు పీల్చుకోదు? (ఒక విద్యార్థి, ఖమ్మం జిల్లా)

జవాబు: నాన్నా, నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. నువ్వు చూసినదాన్నే వైద్యులు 1930లలో చూశారు. నరం దెబ్బతిన్న వేళ్ళు నీళ్ళలో ముడతలు పడవని వాళ్ళు గమనించారు. అప్పటి నుంచి మీ అన్నయ్య చెప్పిన జవాబు నిలబడలేదు. తోలు నీళ్ళు పీల్చుకోవడం వల్లే ముడతలు పడితే తాతయ్య చిటికెన వేలు కూడా ముడతలు పడాలి కదా. అదే నీళ్ళు, అదే తోలు.

జరిగేది ఇది. వేళ్ళు కొన్ని నిమిషాలు నీళ్ళలో ఉన్నాయని నరాలు పసిగట్టి వేలికొసల్లోని సన్నని రక్తనాళాలను బిగిస్తాయి. లోపలి కండ కొంచెం కుంచించుకుపోతుంది. పైన తోలు మాత్రం అంతే ఉంటుంది కాబట్టి మడతలు పడుతుంది. అంటే వేలు ఉబ్బడం లేదు, తగ్గుతోంది. ఎందుకిలా? తడి వస్తువులు జారకుండా పట్టుకోవడానికని కొందరి ఆలోచన. 2013లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో తడి గోలీలను ఒక గిన్నె నుంచి మరో గిన్నెలోకి మార్పించి చూస్తే, ముడతలున్న వేళ్ళతో పని త్వరగా అయింది. మరుసటి ఏడాది మరో బృందం చేస్తే ఆ తేడా కనిపించలేదు. నీ దగ్గర గోలీలూ కాలువా రెండూ ఉన్నాయి. అన్నయ్యను గడియారం పట్టుకోమని నువ్వే చేసి చూడు.

మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు దిగే నరం ఒకటుంది. తాతయ్యకు కొడవలి దానికే తగిలి ఉంటుంది. ఉంగరపు వేలిని కూడా జాగ్రత్తగా చూడు, చిటికెన వేలి వైపు సగం నున్నగా, అవతలి సగం ముడతలతో ఉండవచ్చు. చూసి నాకు రాయి. నరం అందని చోట చెమట కూడా పట్టదు, వేడీ సరిగా తెలియదు. అందుకని రేపటి నుంచి తాతయ్య స్నానం నీళ్ళలో ముందు నీ చెయ్యి పెట్టి వేడి చూడు, తర్వాతే ఆయన చెయ్యి పెట్టనివ్వు. వేడి టీ గ్లాసు కూడా కుడి చేతికే అందించు.